నీడ పట్టమని వచ్చిన తంతి

ఆ ఉదయం కానిస్టేబులు మాలకొండయ్య పెట్టుకున్న పని ఒక్కటే: తెల్లవారుజామున సగంలో ఆగిపోయిన కలను పూర్తిచేయడం. కలలో అతను నల్లమల మీదుగా తెల్లటి మబ్బులా మెల్లగా పోతున్నాడు. కింద జొన్నచేలు, పలకల గనుల దగ్గర నల్లరాళ్ల గుట్టలు, వాటి మధ్య చీమల్లాంటి మనుషులు. సరిగ్గా గిద్దలూరు దాటబోతుండగా కోడి కూసింది. హెడ్డు కానిస్టేబులు మేనకోడలి పెళ్లికని కనిగిరి వెళ్లాడు. ఈతమానుపల్లె ఠాణాలో ఇక మిగిలింది మాలకొండయ్య, ఒక నులకమంచం. సర్కారు కొలువులో ఇంత మంచి రోజు మళ్లీ మళ్లీ రాదని అతనికి తెలుసు.

అప్పట్లో ఆ ప్రాంతమంతా కర్నూలు జిల్లాలో ఉండేది. కర్నూలును చెన్నపట్నం నుంచి ఏలేవారు. ఈతమానుపల్లె తర్లుపాడు రైలు స్టేషనుకు రెండు మైళ్ల దూరంలో ఉంది. అక్కడ నేరాలు తక్కువ. కిందటేడు ఒక మేక పోయిందని కేసు రాస్తే, సిరా ఆరకముందే మేక తనంతట తానే ఇంటికొచ్చేసింది.

మాలకొండయ్య మంచం మీద నడుం వాల్చి, కొండలకేసి చూస్తూ కళ్లు సగం మూశాడు. అంతలో స్టేషను పోర్టరు సీమోను వచ్చి తంతి కాగితం చేతిలో పెట్టాడు.

"ఎవురన్నా పోయినారా?" అన్నాడు మాలకొండయ్య లేవకుండానే. తంతి అంటే ఆ రోజుల్లో అందరూ ముందుగా అడిగే మాట అది.

"నాకేం తెలుసు మామా. పోయింటే ఇంగ్లీషులో పోయినారు," అని సీమోను వెళ్లిపోయాడు.

మాలకొండయ్యకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, కాని అవి నాలుగు కలిస్తే ఏమవుతుందో తెలియదు. పైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు పేరు మాత్రం పోల్చుకున్నాడు. వెంటనే లేచి, ఊరి చివరి పాలెంలో మిషను బడి నడుపుతున్న ఎలీషబా టీచరమ్మ దగ్గరికి పోయాడు.

ఎలీషబాకు నలభై అయిదేళ్లుంటాయి. చిన్నప్పుడు ఒక దొరసాని ఆమెను చేరదీసి ఇంగ్లీషు నేర్పింది. దొరసాని ప్రార్థనకు వాడే ఇంగ్లీషే నేర్పింది గాని పోలీసులు వాడే ఇంగ్లీషు నేర్పలేదు. ఆ ఉదయం ఎలీషబా మనసు మనసులో లేదు. బడిలో పిల్లలే లేరని, దొంగ హాజరు వేస్తున్నారని ఎవరో ఏడాదిగా సర్కారుకు పేరు లేని అర్జీలు పెడుతున్నారు. స్కూళ్ల ఇన్‌స్పెక్ట్రెస్ ఎప్పుడో ఒక రోజు చెప్పకుండా వస్తుందని, ఆమెకు నచ్చకపోతే బడి మూతేనని మూడు నెలల కిందట ఉత్తరం వచ్చింది. అప్పటినుంచి గుమ్మంలో నీడ పడితే చాలు, ఆమె లేచి నిలబడుతోంది. మాలకొండయ్య వచ్చినప్పుడూ అలాగే నిలబడింది.

"ఇది రహస్యం టీచరమ్మా. నువ్వు సదివి, నాకు జెప్పి, మళ్లా మర్చిపోవాల," అన్నాడు మాలకొండయ్య.

ఆమె కళ్లద్దాలు తుడుచుకుని కాగితం వెలుగుకు పట్టింది. "సస్పెక్ట్..." అని ఆగింది. "ఇదేందో తప్పుగా ఉందన్నా. రెస్పెక్ట్ అని ఉంది, ఇన్‌స్పెక్ట్ అని ఉంది. ఈ సస్పెక్ట్ అనే మాట మా దొరసాని నోట ఎప్పుడూ వినలే."

"తంతి కొట్టినాయన తప్పు కొట్టినాడేమో."

"ఇన్‌స్పెక్ట్ అనే అయ్యుంటాది." ఆమె వేలిని తర్వాతి మాట మీదికి జరిపింది. "కృష్ణవేణమ్మ... ఆలియాస్... ఆలీస్! కృష్ణవేణమ్మ ఆలీస్ నరసమ్మ. ఆలీస్ అంటే దొరసానుల పేరన్నా. మావోళ్లలో బాగా సదువుకున్న ఆడోళ్లు పెట్టుకుంటారు. అయ్యో దేవా, పొద్దున బండికే దిగుతుందంట. పచ్చ చీర, ఇత్తడి పెట్టె."

"ఎవురు దిగేది?"

"స్కూళ్ల ఇన్‌స్పెక్ట్రెస్సు! ఇంకెవురు?"

మాలకొండయ్య కూడా లేచి నిలబడ్డాడు. "నన్నేం జెయ్యమన్నారు మరి?"

"షాడో హర్. షాడో అంటే నీడ. ఆమెకు నీడ పట్టమని." ఎలీషబా గొంతు మెత్తబడింది. "మా ప్రార్థనలో రోజూ వచ్చే మాటే అన్నా. నీడ అంటే కాపుదల. ఎండ తగలకుండా, కీడు తగలకుండా. ఎంత మంచి మనసు మీ దొరది! ఇదో, అండర్ కవర్ అన్నాడు. అండర్ అంటే కింద, కవర్ అంటే కప్పు. కప్పు కిందనే నడిపించాల. కీప్ ఇట్ డార్క్. చీకటిగా ఉండాలంట, అంటే నీడ పల్చగా ఉంటే కుదరదు. కవర్ మస్ట్ నాట్ బి బ్లోన్. గాలికి కప్పు ఎగిరిపోకూడదు."

"గొడుగు!" అన్నాడు మాలకొండయ్య.

"గొడుగే. నువ్వేమో ప్లెయిన్ క్లోత్స్ కట్టుకోవాలంట. పూలు, చారలు, అంచు లేని సాదా బట్ట." ఆమె కాగితాన్ని మళ్లీ పైనుంచి కిందికి చూసింది. "ఇందులో ఆరు చోట్ల స్టాప్ అని రాసినాడన్నా. ఆగమని. పాపం, పెద్దామె అయ్యుంటాది. నడవలేదేమో."

అసలు సంగతి వేరు. కృష్ణవేణమ్మ, మారుపేరు నరసమ్మ, అనుమానితురాలు. తమలపాకు మీద అంజనపు కాటుక పూసి, అందులో చూసి గుప్తనిధులు చూపిస్తానని ఊళ్లను మోసం చేసే మనిషి. ఈతమానుపల్లెలో ఆమెను ఎవరో రహస్యంగా పిలిపించుకుంటున్నారని ఇన్‌స్పెక్టరుకు తెలిసింది. పోలీసు ఉడుపు విప్పి, మామూలు మనిషి వేషంలో, ఆమెకు తెలియకుండా వెంట నడిచి, ఎవరింటికి పోతుందో చూడమని, ఈ గుట్టు బయటపడనివ్వవద్దని అతను తంతి ఇచ్చాడు. మధ్యలోని స్టాపులు తంతుల్లో వాక్యం అయిపోయిందని చెప్పే గుర్తులు. సస్పెక్ట్, ఆలియాస్ తప్పిస్తే, మాటమాటకూ ఎలీషబా చెప్పిన అర్థంలో తప్పులేదు. మొత్తం మీదే తేడా వచ్చింది.

దొరసాని దేశం పోతూ వదిలిన పెద్ద తెల్ల గొడుగు బడి అటక మీద ఉంది. చుట్టూ లేసు కుచ్చులతో చిన్న పందిరంత ఉంటుంది. ఎలీషబా దాన్ని దించి, దుమ్ము దులిపి, "కప్పు జాగర్తన్నా," అని అతని చేతిలో పెట్టింది.

ఇంటికి పోయి మాలకొండయ్య భార్య చెంచమ్మను అంచు లేని బట్ట అడిగాడు. ఆమె దండెం మీదివన్నీ తిరగేసింది.

"నీ పంచెలన్నిటికీ అంచులుండాయి. అంచు లేంది ఈ ఇంట్లో దుప్పటొక్కటే. ఎందుకయ్యా?"

"సర్కారు రహస్యం."

"దుప్పట్లోనా?"

అతను తెల్ల దుప్పటిని ఒంటికి చుట్టుకున్నాడు. ఎర్ర తలపాగా గురించి, నడుం బెల్టు గురించి తంతిలో ఏమీ లేదు కాబట్టి అవి అలాగే ఉంచుకున్నాడు.

*

తొమ్మిది గంటల బండి తర్లుపాడులో ఆగింది. పచ్చ చీర కట్టుకున్న ఒక ఆడమనిషి ఇత్తడి పెట్టె చంకన పెట్టుకుని చివరి పెట్టెలోంచి దిగింది. యాభై దాటిన మనిషి. దిగగానే అలవాటు ప్రకారం నాలుగు దిక్కులా చూసింది. మూడు దిక్కులా భయపడవలసిందేమీ లేదు. నాలుగో దిక్కునుంచి ఎర్ర తలపాగా, తెల్ల దుప్పటి, లేసుల గొడుగు తన మీదికే వస్తున్నాయి.

"కృష్ణవేణమ్మగారే గదా తల్లీ?"

ఆమె పెట్టెను చంకకు అదుముకుంది. పాతికేళ్లుగా పోలీసులు ఆమె వెంటపడ్డారు గాని పేరుపెట్టి గారు అన్నవాడు లేడు. కాదని చెప్పేలోపే ఆమె మీద నీడ పడింది. చైత్రమాసపు ఎండ చప్పున ఆరిపోయి, చుట్టూ పాలలాంటి వెలుగు మిగిలింది.

"నన్ను యాడికి తీసకపోతావయ్యా?"

"మీరు యాడికి పోతే ఆడికి తల్లీ. మీకు నీడ పట్టమని ఉత్తర్వు."

ఇది పట్టుకోవడంలో కొత్త పద్ధతి అయి ఉంటుందని ఆమె అనుకుంది. పొలంగట్టు వెంట ఎవరూ చూడకుండా పోయి, నరసింహులనే పెద్దరైతు గడ్డివాము వెనక అతన్ని కలవాలని ఆమె ఏర్పాటు. ఆ ఏర్పాటు రైలు దిగిన చోటే ముగిసిపోయింది. మైలు దూరం నుంచి కనిపించే గొడుగు కింద నడుస్తూ ఎవరికీ కనపడకుండా పోవడం ఎలాగో ఆమెకు తోచలేదు.

దారిలో ఆమె వేపచెట్టు కింద ఆగి, "నువ్వు పోయ్యా, ఇక్కడ నీడ ఉందిగదా," అంది.

"అది చెట్టు నీడ తల్లీ. నాకు చెప్పింది నా నీడ," అని మాలకొండయ్య చెట్టు కింద కూడా గొడుగు పట్టుకునే నిలబడ్డాడు.

కాస్త దూరం నడిచాక ఉన్నట్టుండి ఆగాడు. ఆమె కూడా ఆగింది. కొంచెంసేపటికి అతను కదిలాడు. ఇంకో ఫర్లాంగు పోయాక మళ్లీ ఆగాడు.

"ఎందుకయ్యా ఆగేది?"

"ఆగమని ఉంది తల్లీ. ఇంకా నాలుగుండాయి."

మూడోసారి పలకల గని పక్కన ఆగారు. పగలగొట్టిన పలకరాళ్ల గుట్ట మీద ఆమె కూర్చుంది. ఎదురుగా బీడు మీద ఎండ నీళ్లలా కదులుతోంది. దాని అవతల నల్లమల నేలకు తగలకుండా గాలిలో తేలుతున్నట్టుంది. మాలకొండయ్య దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఏముందయ్యా ఆడ అట్ల జూస్తావు?"

"ఏమీ లేదు తల్లీ. పొద్దున నీలంగా ఉంటాది. ఈ యాళకు బూడిద రంగు. వాన కురిసిన మర్నాడు సూడాల, చెట్టు చెట్టూ లెక్కబెట్టొచ్చు. మావోళ్లు నవ్వుతారు గాని, నాకు సూస్తుంటే కడుపు నిండినట్టు ఉంటాది."

అంజనంలో పాతికేళ్లుగా లేనివి చూసి చెప్పిన మనిషికి, ఉన్నదాన్ని ఇంత ఇష్టంగా చూసే మనిషి తగలడం అదే మొదలు. తనూ అటు చూసింది.

అప్పుడు బీడులోంచి సుడిగాలి లేచింది. ఎర్రటి దుమ్ము గిరగిర తిరుగుతూ వచ్చి గొడుగు లోపలికి దూరింది. మాలకొండయ్య రెండు చేతులా పట్టుకున్నాడు. గొడుగు అతన్ని పదడుగులు ఈడ్చుకుపోయి, మునివేళ్ల మీద నిలబెట్టి, ఒక్క గుంజు గుంజి చేతిలోంచి ఊడిపోయింది. దుప్పటి ముఖానికి చుట్టుకుంది.

"కవర్ బ్లోన్! కవర్ బ్లోన్!" అని దుప్పట్లోంచి అరిచాడు.

పారిపోవాలంటే అదే సమయం. పోలీసుకు కళ్లు కనపడడం లేదు, రైలు స్టేషను దగ్గరలోనే ఉంది. ఆమె చీర కుచ్చెళ్లు ఎగదోపి పరుగెత్తింది. బీడంతా పరుగెత్తి, దొర్లుతున్న తెల్ల గొడుగును రేగుకంప దగ్గర ఒడిసి పట్టుకుంది. పట్టుకున్నాక గాని తను ఏ వైపు పరుగెత్తిందో ఆమెకు అర్థం కాలేదు. ఒగరుస్తూ దాన్ని తెచ్చి అతని చేతికిచ్చింది.

"ఒక కమ్మి వంగింది, అంతే. ఏమీ కాలే," అంది.

"నా ఉద్యోగం నిలబెట్టినావు తల్లీ," అన్నాడతను కళ్లనీళ్లతో. "ఇంక పోదాం. బడి ఇట్ల."

జైలుకు ఈ తాలూకాలో అలా అంటారు కాబోలనుకుని ఆమె తల వంచుకుని నడిచింది.

*

బడి ముందు ముగ్గు వేసి ఉంది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. రహస్యం ఎవరికీ చెప్పనని మాటిచ్చిన ఎలీషబా ఎవరికీ చెప్పలేదు. నేల అలకమంది, పిల్లల తలలు దువ్వమంది, పనికి పోయినవాళ్లను చేలల్లోంచి పిలిపించింది, అంతే. పాలెమంతా తెల్లబట్టలు కట్టుకుని నిలబడింది. గొడుగు మలుపు తిరగగానే ముప్పై ఒక్కమంది పిల్లలు పాట అందుకున్నారు. కృష్ణవేణమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరి కోసం పాడుతున్నారోనని. వెనక మాలకొండయ్య ఒక్కడే ఉన్నాడు.

ఎలీషబా ఆమెను ఊళ్లో ఉన్న ఒకే ఒక కుర్చీలో కూర్చోబెట్టింది. పైకప్పులో మూడు చోట్ల రంధ్రాలుండి, ఎండ మూడు బిళ్లలుగా లోపల పడుతోంది. కాబట్టి మాలకొండయ్య గదిలో కూడా గొడుగు మడవలేదు.

"పరీక్ష చెయ్యండమ్మా," అంది ఎలీషబా. "మా బడి బతకాల్నో చావాల్నో మీ నోట్లో ఉంది. పిల్లలు లేరని రాసినారంట. ఈళ్లంతా పిల్లలు గాదా తల్లీ?"

కృష్ణవేణమ్మ ఆ వరుసలకేసి చూసింది. తనను ఎవరనుకుంటున్నారో మెల్లమెల్లగా అర్థమైంది. ఆమెకు చదువు రాదు. పలకకు ఏది ముందో ఏది వెనకో కూడా తెలియదు. తనకు తెలిసిన ప్రశ్న ఒక్కటే ఉంది. అదే అడిగింది.

"నేల కింద మీకు నిధి దొరికిందనుకోండి. ఏం జేస్తారు?"

అలాంటి ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. పిల్లలు మాత్రం తడుముకోలేదు. ఒక పిల్ల వాళ్లమ్మకు గాజులు కొంటానంది. ఒకడు రోజూ వరన్నం తింటానన్నాడు. ఇంకొకడు బడికి కప్పు వేయిస్తానని, మిగిలింది పోలీసులకు మాత్రం చెప్పనని అన్నాడు. మాలకొండయ్య మెచ్చుకోలుగా తలూపాడు.

చివరి వరసలో ఒక ముసలామె లేచింది. ఆమె పేరు పిచ్చమ్మ. మనవరాలి పక్కన కూర్చుని రెండేళ్లుగా చదువుకుంటోంది.

"నాకు పేర్లు రాసేది వచ్చు తల్లీ. నీ పేరు జెప్పు, రాసి సూపిస్తా."

కృష్ణవేణమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. ఆమెకు పేర్లు చాలా ఉన్నాయి. కనిగిరిలో నరసమ్మ, యర్రగొండపాలెంలో కృష్ణవేణమ్మ, కొన్ని ఊళ్లలో ఇంకేదో. ముప్పై ఒక్కమంది పిల్లలు కళ్లార్పకుండా చూస్తున్నారు. అబద్ధపు పేరు చెబితే, అది బయటపడిన రోజు తప్పు రాసిందని ఆ ముసలామెను నవ్వుతారేమోనని అనిపించింది.

"ఎల్లమ్మ," అంది.

పిచ్చమ్మ నాలుక బయటపెట్టి, బలపం నొక్కిపట్టి మూడు అక్షరాలు రాసి తెచ్చిచ్చింది. ఎల్లమ్మ ఆ పలకను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. వాళ్లమ్మ పోయాక ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లు లేరు. అది చూడడానికి ఇలా ఉంటుందని కూడా ఆమెకు ఇంతవరకు తెలియదు.

అప్పుడే గుమ్మంలో నరసింహులు కనిపించాడు. పొద్దున్నుంచి గడ్డివాము వెనక కాచుకుని కూర్చున్న మనిషి, పాట విని వచ్చాడు. తాను రహస్యంగా పిలిపించిన అంజనం అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన పోలీసు గొడుగు పట్టాడు. ఊరంతా చేతులు కట్టుకుంది. అతనికి ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. ఈమె అంజనం అమ్మ కాదు! తన గుట్టు లాగడానికి ఏడాది కిందటే వేషం వేసుకుని వచ్చిన సర్కారు మనిషి!

పరుగున వచ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"తప్పైపోయింది తల్లీ! ఆ అర్జీలు నేనే పెట్టినా. బడిలో పిల్లలు లేరని రాయించింది నేనే!"

ఎలీషబా కుర్చీ వీపు పట్టుకుంది. "నువ్వా నరసింహులన్నా? మేమేం జేసినాం నీకు?"

"మీరేం జెయ్యలేదమ్మా. ఈ బడి కింద నిధి ఉంది. బడి ఎత్తేస్తే తవ్వుకుందామని..."

"ఈడ నిధి ఉందని ఎవురు జెప్పినారు నీకు?" అంది ఎల్లమ్మ నెమ్మదిగా.

"మీరే గదా తల్లీ పోయినేడు అంజనంలో జూసి... పొద్దున్నే చిన్న గొంతులు ఇనపడే చోట అని..."

ఎల్లమ్మకు గుర్తొచ్చింది. ఆరోజు నోటికొచ్చిందేదో చెప్పి, అన్నం తిని, మధ్యాహ్నం బండికి పోయింది. చిన్న గొంతులంటే పిచ్చుకలనుకుంది. ఆ మాటతో ఈ టీచరమ్మకు ఎన్నాళ్లుగానో నిద్ర లేదని ఆమె ముఖమే చెబుతోంది. ఎల్లమ్మ పలక మీదికి ఒకసారి చూసుకుని, గొంతు సవరించుకుంది.

"నేను జెప్పినానా?"

నరసింహులు ఆమె కళ్లలోకి చూశాడు. తర్వాత గొడుగు వైపు చూశాడు. "లేదు తల్లీ. మీరు జెప్పలే."

"ఈడ నిధి ఉందా?"

"లేదు తల్లీ."

"మరి ఏముంది?"

"పిల్లలుండారు తల్లీ."

"అదే కాగితం మీద పెట్టు."

ఎలీషబా రాసింది, నరసింహులు సంతకం పెట్టాడు. అర్జీలన్నీ అబద్ధమని, దురాశతో తానే పెట్టానని, బడిలో ముప్పై ఒక్కమంది పిల్లలు, ఒక ముసలమ్మ చదువుతున్నారని. జరుగుతున్నదేమిటో మాలకొండయ్యకు ఏమీ అర్థం కాలేదు. అయినా అందరూ బాగున్నారనిపించి, చిన్నగా నవ్వుతూ గొడుగు కొంచెం నరసింహులు వైపు కూడా వంచాడు.

*

మధ్యాహ్నం బండికి ఇన్‌స్పెక్టరు ఇద్దరు జవాన్లతో దిగాడు. రహస్యంగా నడుస్తున్న పని చెడగొట్టకూడదని పొలాల వెంట వంగి వంగి వచ్చాడు. పాలెం చేరేసరికి, అనుమానితురాలు ఊరి మధ్య కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతోంది. తన కానిస్టేబులు దుప్పటి కప్పుకుని ఆమెకు గొడుగు పట్టి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు వంగిన నడుం నిటారు చేశాడు.

"మాలకొండయ్యా! నిన్ను చెయ్యమన్నదేంది, నువ్వు చేస్తున్నదేంది?"

"నీడ పట్టినా దొరా! తొమ్మిది గంటల నుంచి ఒక్క అడుగు వదల్లే. ఆరుసార్లు ఆగినా. ఒకే ఒక్కసారి కవర్ బ్లోన్ అయ్యింది, అది సుడిగాలి తప్పు. ఈయమ్మే పట్టుకొచ్చి ఇచ్చింది."

ఇన్‌స్పెక్టరు తంతి కాగితం తీసుకుని చదివాడు. మాలకొండయ్య ముఖంలోకి చూశాడు. మళ్లీ తంతి చదివాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని ఎల్లమ్మ వైపు తిరిగాడు.

"నీ పేరేంది?"

ఆమె పలక చూపించింది.

"కృష్ణవేణమ్మ ఎవరు మరి? నరసమ్మ ఎవరు?"

"ఇప్పుడు లేరు దొరా."

ఇత్తడి పెట్టె తెరిపించాడు. అందులో కాటుక, నాలుగు తమలపాకులు ఉన్నాయి. కాటుక పెట్టుకోవడం నేరమని ఏ చట్టంలోనూ లేదు. ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చి రాయించిందని ఎలీషబా చూపిన నరసింహులు కాగితం చదివి, చివరికి అతన్ని పిలిచాడు.

"నిజం చెప్పు. ఈమె నీకు నిధి చూపిస్తానందా, లేదా?"

"లేదు దొరా! ఈయమ్మ నాకు ఏమీ జెప్పలే. జెప్పలేదని ఈయమ్మే నాతో జెప్పింది."

ఫిర్యాదు చేసేవాడు లేకపోతే కేసు లేదు. "ఈమె దొంగ, మీకు తెలుసా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు ఎలీషబాతో కోపంగా. "మీ ఇన్‌స్పెక్ట్రెస్ కాదు. అంజనం వేసి జనాన్ని ముంచే మనిషి."

ఎల్లమ్మ తల దించుకుని పలకను తిరిగి ఇవ్వబోయింది. ఎలీషబా కాసేపు ఆ పలకను, దాన్ని పట్టుకున్న చేతిని చూసింది. తీసుకోలేదు.

"కావచ్చు సార్," అంది. "మా పిల్లలు చెప్పింది ఇంత ఓపిగ్గా విన్న ఆఫీసరు మాత్రం ఇంతవరకు ఎవురూ రాలే. పలక ఉంచుకో అక్కా. ఇంకో నాలుగు మాటలు నేర్చుకుంటే పనికొస్తాది."

సాయంత్రం బండికి ఎల్లమ్మ బయలుదేరింది. కొండల వెనక పొద్దు దిగి, చేలమీద గులాబీ రంగు దుమ్ము నిలిచింది. మాలకొండయ్య వంగిన కమ్మి గొడుగు పట్టుకుని పక్కనే నడిచాడు.

"ఇంక ఎండ లేదు గదా తమ్ముడూ," అంది ఆమె.

"ఉత్తర్వు ఇంకా రద్దు కాలే అక్కా," అన్నాడతను.

బండి కదిలి, పొగ పల్చబడి, చివరి పెట్టె చెట్ల వెనక కరిగిపోయేదాకా అతను ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు. ఎల్లమ్మ మళ్లీ ఆ వైపు రాలేదు. అంజనం మాట కూడా ఆ తాలూకాల్లో ఎక్కడా వినపడలేదు. రెండు నెలలకు అసలు ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చింది. నరసింహులు సంతకం పెట్టిన కాగితం చదివి, పిల్లల్ని లెక్కపెట్టి, బడి ఉండాలని రాసి, ఎండగా ఉందని గంటలోనే వెళ్లిపోయింది.

ఇన్‌స్పెక్టరు మాత్రం ఆ సంగతిని అంతటితో వదల్లేదు. మర్నాడే మాలకొండయ్య మీద పై అధికారులకు నిప్పులు చెరుగుతూ ఇంగ్లీషులో రిపోర్టు రాశాడు. ఇలాంటి కానిస్టేబులును తన సర్వీసులో ఎన్నడూ చూడలేదని, అతను చేసిన పనికి పోలికే లేదని, దాన్ని వర్ణించడానికి మాటలు చాలవని, అతనికి తగినది ఆలస్యం లేకుండా ఇవ్వాలని రాశాడు. కాగితాలు క్రమంగా ఉండాలి కాబట్టి నరసింహులు సంతకంతో ఒప్పుకున్న పత్రానికి నకలు తీయించి కింద జతచేశాడు. పైవాళ్లు ఆ పత్రం ముందు చదివారు, రిపోర్టు తర్వాత చదివారు. ఆరు వారాలకు మాలకొండయ్యకు హెడ్డు కానిస్టేబులుగా ఉద్యోగం పెరిగినట్టు ఉత్తర్వు వచ్చింది.

అప్పటినుంచి ఇన్‌స్పెక్టరుగారు ఎవరినైనా తిట్టవలసి వస్తే తెలుగులోనే తిట్టేవారు.